రంగు లేని పొడి, గులాబీ రంగు సాక్ష్యం



శుభకార్యాలప్పుడు దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు కలపడం మీరంతా చూసే ఉంటారు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడగానే ఎర్రబడతాయి. సున్నం క్షారం, దాని ఉనికిని రంగు మారి తెలిపే పసుపు సూచిక. పక్కింటి కన్నడంవారు పసుపును అరిశిన అన్నా, సున్నాన్ని సుణ్ణ అన్నా జరిగే రసాయన చర్య ఒక్కటే.

ఇలాంటి మరో సూచిక మన బడి ప్రయోగశాలల్లో ఉండే ఫినాఫ్తలీన్. దీన్ని 1871లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. తెల్లని పొడి. నీళ్లలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. ఆమ్లంలో, మామూలు నీళ్లలో దీనికి రంగుండదు. పి.హెచ్. విలువ 8 దాటి 10 వైపు పోయేకొద్దీ గులాబీ రంగు తేలుతుంది. క్షారం తగిలితే దీని అణువులో మూసుకుని ఉన్న ఒక వలయం తెరుచుకుంటుంది. అప్పుడది వెలుగులోని ఆకుపచ్చను పీల్చుకుంటుంది కనుక మన కంటికి గులాబీగా కనబడుతుంది. మరీ గాఢమైన క్షారంలోనైతే ఆ రంగూ మెల్లగా పోతుంది. పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు, చేసి చూపించాల్సిందే.

కాంక్రీటును పగలగొట్టి ఈ ద్రావణం చల్లితే, క్షారగుణం మిగిలిన చోట గులాబీ అవుతుంది. రంగు రాని మేర లోపలి ఇనుప చువ్వలకు తుప్పు భయం ఉన్నట్టే. ఒకప్పుడు దీన్ని విరేచనాల మందుగానూ వాడారు. క్యాన్సర్ అనుమానంతో అమెరికాలో 1999లో ఆ వాడకం ఆపించారు. కనుక ప్రయోగశాల సీసాను పిల్లలు నోటి దగ్గరికి తీసుకుపోకుండా చూడండి.

అయితే ఈ పొడి పేరు సామాన్యుడి చెవిన పడేది లంచం కేసుల్లోనే. మీ పహణీ కాగితానికో, కరెంటు కనెక్షనుకో ఎవరైనా లంచం అడిగారనుకోండి. మీరు కర్ణాటకలో లోకాయుక్త పోలీసులకు, ఆంధ్రలో ఏసీబీకి ఫిర్యాదు చేస్తే, సాక్షుల ఎదుట నోట్ల నంబర్లు రాసుకుని, వాటికి ఈ పొడి పూస్తారు. పసుపైతే నోటు మీద కనబడిపోదూ? ఇది కనబడదు. పుచ్చుకున్న మనిషి చేతులను సోడియం కార్బొనేటు, అంటే బట్టలుతికే సోడా, కలిపిన నీళ్లలో కడిగిస్తారు. నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లను సీసాలో పోసి, సీలు వేసి ప్రయోగశాలకు పంపుతారు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. నోట్లిచ్చే ముందు ఆ అధికారితో కరచాలనం చేయవద్దని ఫిర్యాదుదారుకు చెబుతారు. మీ చేతి పొడి ఆయన చేతికి అంటితే, డబ్బు ముట్టని మనిషి చేతులు కడిగినా నీళ్లు గులాబీ అవుతాయి మరి. పొడి చెప్పగలిగింది తాను ఆ చేతికి అంటిందన్నంతవరకే. ఎందుకు అంటిందో అది చెప్పలేదు. లంచం అడిగినట్టు, పుచ్చుకున్నట్టు రుజువు కావలసిందేనని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబరులో స్పష్టం చేసింది. కనుక ఆయన ఏమన్నాడో, ఎప్పుడన్నాడో, పక్కన ఎవరున్నారో మీరు గుర్తుపెట్టుకుని చెప్పగలగాలి.

కేసు విచారణకు వచ్చేసరికి సీసాలో గులాబీ రంగు వెలిసిపోయి ఉండవచ్చు. అందుకు కంగారు అక్కర్లేదు. రంగు పోయినంత మాత్రాన పదార్థం పోదు, ప్రయోగశాలలో తిరిగి క్షారం కలిపి చూస్తే ఫినాఫ్తలీన్ ఉన్నదీ లేనిదీ తేలుతుంది.