ఇనుము వెళ్ళిన దారిలో

బైలదిల్లా ఇనుపఖనిజం జపానుకు వెళ్ళేదని మన టౌన్‌షిప్పులలో పెరిగిన ప్రతి బిడ్డకూ తెలుసు. 1960లో భారత ప్రభుత్వానికీ, జపాను ఉక్కు కర్మాగారాలకూ మధ్య కుదిరిన ఒప్పందమే ఇక్కడి గనులకు మూలం. ఎద్దు మూపురాన్ని పోలిన ఈ పర్వతశ్రేణిలో గుర్తింపబడిన 14 నిక్షేపాలలో, చివరి సంఖ్య గల నిక్షేపంలోనే 1968లో తొలుత ఉత్పత్తి ప్రారంభమైంది. తూర్పు కనుమలను తొలుచుకుంటూ కొత్తవలస, కిరందుల్‌ల నడుమ నిర్మించిన సుమారు 450 కిలోమీటర్ల రైలుమార్గం ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చింది. రేవుకు ఆవలి కథను చూసే భాగ్యం మా అమ్మాయి కాపురం మూలంగా నాకు లభించింది.

అమ్మాయీ, అల్లుడూ జపాను దక్షిణాన క్యూషూ ద్వీపంలోని ఫుకువోకా నగరంలో నివసిస్తున్నారు. శ్రీమతితో కలిసి అక్కడ మూడు వారాలు గడిపాను. మొదటి ఆదివారమే ఒసాకా నుండి ఒక అతిథి వచ్చాడు. కిరందుల్‌లో మా ఎదుటి క్వార్టరులో పెరిగిన మలయాళీ మిత్రుని కుమారుడు! అతడూ, మా అమ్మాయీ హిందీ, తెలుగు, హల్బీ కలగలిపి మాట్లాడుకుంటూ, వారపు సంతలో తిన్న ఎర్రచీమల పచ్చడిని తలచుకుని నవ్వుకుంటుంటే, ఆ భాష అర్థంగాక అల్లుడు దిక్కులు చూశాడు. మన టౌన్‌షిప్పు ఎన్ని రాష్ట్రాల వారిని ఒక్క కుటుంబంగా చేసిందో నాకు ఆ రోజు స్పష్టంగా బోధపడింది.

మరునాడు అందరం కితాక్యూషూ నగరానికి వెళ్ళాము. బుల్లెట్ రైలులో పావుగంట ప్రయాణం. 1901లో ఉత్పత్తి ప్రారంభించిన యవాతా ఉక్కు కర్మాగారం అక్కడిదే. దాని తొలినాటి కార్యాలయ భవనం 2015లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. హిగాషిదా ప్రాంతంలో ఒక పాత బ్లాస్ట్ ఫర్నేస్‌ను స్మారకంగా నిలిపి ఉంచారు. జీవితమంతా ఖనిజాన్ని తవ్వి పంపిన నేను దాని ఎదుట చాలాసేపు నిలబడిపోయాను.

శ్రీమతిని మాత్రం ఆకర్షించింది సమీపంలోని పర్యావరణ ప్రదర్శనశాల. 1960 దశకంలో ఆ నగరపు ఆకాశం పొగతో నిండి ఉండేది. కర్మాగారాల వ్యర్థజలాలతో దోకాయ్ అఖాతం జీవరాశికి నోచుకోని మృతసముద్రంగా మారింది. తోబాతా ప్రాంతపు గృహిణులు ఈ స్థితిపై 1950 నుండే ఉద్యమించారు. వారిలో ఎందరో భర్తలు ఆ కర్మాగారాలలోనే ఉద్యోగులు; జీతం, పొగ ఒకే గొట్టం నుండి వచ్చేవి. అయినా వారు వెనుదీయలేదు. ఆరుబయట తెల్లని బట్టలు వ్రేలాడదీసి మసిని పరిశీలించారు. విశ్వవిద్యాలయ ఆచార్యుల సాయంతో లెక్కలు కట్టారు. 1965లో నీలాకాశం కోరుతూ ఒక చిత్రం కూడా నిర్మించారు. ప్రజలు, నగరపాలక సంస్థ, కర్మాగారాలు చేయి కలిపిన పిదప ఆకాశం తేటపడింది. అఖాతంలోకి చేపలు తిరిగి వచ్చాయి. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ఆ నగరాన్ని పురస్కారంతో గౌరవించింది.

“ఏమండీ, కర్మాగారం మూతపడకుండానే ఆకాశం బాగుపడిందన్న మాట!” అన్నది శ్రీమతి. ఇంజనీరుగా నేను గ్రహించవలసిన సారాంశమూ అదే.

తిరిగివచ్చాక ఇరుగుపొరుగు మిత్రులకు ఈ విశేషాలు చెబుతుంటే, నన్ను ‘దాదా’ అని పిలిచే హల్బా మిత్రుడు ఒక్కటే అడిగాడు: “బాగుపడడానికి ఎన్నేళ్ళు పట్టింది, దాదా?” రమారమి నలభై ఏళ్ళన్నాను. అతడు మౌనంగా తల పంకించాడు. పదవీ విరమణ తరువాత నేను క్వార్టరు ఖాళీ చేసి వెళ్ళిపోతాను. అతని బిడ్డలు మాత్రం దంతేశ్వరీ అమ్మవారి సన్నిధిలో కలిసే శంఖినీ, డంకినీ నదుల ఒడ్డునే బ్రతకాలి. వానాకాలంలో ఇక్కడి వాగులు ఎర్రబారడం మనకు అలవాటైన దృశ్యమే కావచ్చు. వారికది రేపటి నీరు.

తోబాతా గృహిణుల చేతిలో మొదట ఉన్నది తెల్లబట్ట మాత్రమే. మనకు గాజుసీసా చాలు. వానాకాలంలో ప్రతి ఆదివారం కాలనీ దిగువ వాగునీటిని పట్టి, తేదీ వ్రాసి, అడుగున తేరుకున్న మట్టి మందాన్ని కొలిచి నమోదు చేయాలని మా ఇంట నిశ్చయించుకున్నాము. మహిళలు, విద్యార్థులు ముందుకు వస్తే కొలిచే విధానాన్ని నేర్పడానికి నేను సిద్ధం. గనితో బ్రతికే కుటుంబాలే ఈ లెక్క వ్రాయడం సముచితం.