కేంద్రమునకు ఆవలి వైపు: ఋణ గుణకముతో విస్తరణము

ఒక శనివారము సాయంకాలము మా అమ్మాయి గణితము పుస్తకము పట్టుకొని వచ్చి, "నాన్నా, ఈ త్రిభుజాన్ని మైనస్ రెండు రెట్లు పెంచమన్నారు. మైనస్ రెట్లు పెంచడం ఏమిటి?" అని అడిగినది. ఇంగ్లండులో జి.సి.ఎస్.ఇ. గణితమున హయ్యర్ స్థాయి విద్యార్థులకు ఇది పాఠ్యాంశము. తెలుగు మాధ్యమములో చదివి, ఇంజనీరునై ఈ దేశమునకు వచ్చిన నాకు రేఖాగణితముపై కొంత ధీమా ఉండెడిది. ఆ ధీమాతోనే, "మైనస్ అంటే తగ్గడమే కదమ్మా, సగానికి తగ్గించి గీయి" అంటిని. సోమవారము ఆ లెక్కకు ఎర్ర సిరాతో అడ్డగీత పడినది. మార్కు పోయినందుకు కాదు గాని, తరువాతి లెక్కను ఆమె నా వద్దకు తీసుకొని రానందుకు నాకు బాధ కలిగినది. ఆ రాత్రి కూర్చుండి నేర్చుకొన్న దానినే, ఇట్టి ప్రశ్న ఎదురు కాగల తల్లిదండ్రుల కొరకు ఇక్కడ వ్రాయుచున్నాను.

విస్తరణమునకు రెండు వివరములు కావలెను. ఒకటి విస్తరణ కేంద్రము, అనగా కదలక నిలిచియుండు బిందువు. రెండవది స్కేలు గుణకము. కేంద్రము నుండి ఆకారములోని ప్రతి బిందువునకు సరళరేఖ గీచి, ఆ దూరమును గుణకముతో హెచ్చవేసి, కొత్త బిందువును గుర్తింపవలెను. గుణకము 2 అయినచో కొత్త బిందువు అదే దిశలో రెట్టింపు దూరమున ఉండును. గుణకము −2 అయినచో దూరము రెట్టింపే, దిశ మాత్రము ఎదురు. రేఖను కేంద్రము గుండా వెనుకకు పొడిగించి, ఆవలి వైపున రెట్టింపు దూరము కొలువవలెను. నా పొరపాటు ఇక్కడనే ఉన్నది. ఆకారము పెరుగునో తగ్గునో చెప్పునది సంఖ్య. ఏ వైపున పడునో చెప్పునది గుర్తు. గుణకము −½ అయినప్పుడే ఆకారము ఆవలి వైపున పడి, సగమునకు తగ్గును. తగ్గినను దానిని గణితమున విస్తరణమనియే పిలుతురు.

ఒక ఉదాహరణ చూతము. గ్రాఫు కాగితముపై ఏ (2, 2), బి (4, 2), సి (2, 3) అను త్రిభుజమును గీయుడు. కేంద్రము (1, 1), గుణకము −2 అనుకొనుడు. కేంద్రము నుండి 'ఏ' కుడికి 1, పైకి 1 దూరమున ఉన్నది. కనుక దాని ప్రతిబింబము కేంద్రము నుండి ఎడమకు 2, క్రిందికి 2 పోయి (−1, −1) వద్ద పడును. 'బి' కుడికి 3, పైకి 1 ఉన్నది. అది ఎడమకు 6, క్రిందికి 2 పోయి (−5, −1) అగును. 'సి' కుడికి 1, పైకి 2 ఉన్నది. అది (−1, −3) అగును. ఏబి భుజము పొడవు 2, కొత్త భుజము 4. ఏసి పొడవు 1, కొత్తది 2. కోణములు మారలేదు, భుజములు వాని మూల భుజములకు సమాంతరముగనే ఉన్నవి. వైశాల్యము 1 నుండి 4 అయినది. −2ను −2తో హెచ్చవేసిన 4 వచ్చును గదా, వైశాల్యమున ఋణ గుర్తు మాయమగును.

పిల్లలు సాధారణముగ పొరపడు తావులు రెండు. దూరములను కేంద్రము నుండి గాక మూలబిందువు నుండి కొలుచుట మొదటిది. కొత్త ఆకారమును అద్దములోని ప్రతిబింబము వలె గీయుట రెండవది. కాగితముపై ఋణ విస్తరణము అద్దపు ప్రతిబింబము కాదు. అది 180 డిగ్రీల భ్రమణమును, పెంచుటయు కలిసినది. ఏ, బి, సి లను వరుసగ చదివిన, మూల త్రిభుజమున గడియారపు ముళ్లకు ఎదురు దిశలో తిరుగుదుము; కొత్త త్రిభుజమునను అట్లే తిరుగుదుము. అద్దములోనైనచో ఈ దిశ మారిపోయెడిది.

ఇది కాగితముపై మాత్రమే జరుగు వింత కాదు. హంపిలోని విరూపాక్షాలయమును దర్శించినవారు చీకటి గదిలో గోడపై గోపురపు నీడ తలక్రిందులుగ పడుట చూచియుందురు. గోపుర శిఖరము నుండి వచ్చు కాంతి సన్నని రంధ్రము గుండా సూటిగ పోయి గోడ క్రింది భాగమున పడును. గోపుర పాదము నుండి వచ్చునది పైభాగమున పడును. రంధ్రమే విస్తరణ కేంద్రము. లెక్క కొరకు, 50 మీటర్ల ఎత్తు గల గోపురము రంధ్రమునకు 100 మీటర్ల దూరమున, గోడ 4 మీటర్ల దూరమున ఉన్నవనుకొందము. గుణకము −4/100, అనగా −1/25. నీడ ఎత్తు 2 మీటర్లు, తల క్రిందకి. మన కంటిలోని రెటీనాపై పడు బింబమును ఇట్లే తలక్రిందులని కెప్లరు 1604లో వివరించెను.

ఇక నాకు మిక్కిలి సంతోషము కలిగించిన విషయము. గురుత్వ కేంద్రము త్రిభుజపు మధ్యగత రేఖలను 2:1 నిష్పత్తిలో ఖండించునని మనమందరము బడిలో వల్లె వేసితిమి. శీర్షము నుండి గురుత్వ కేంద్రమునకు 2 పాళ్లు, అక్కడి నుండి అదే రేఖపై ఆవలి వైపున ఎదుటి భుజము మధ్యబిందువునకు 1 పాలు. అనగా గురుత్వ కేంద్రమును కేంద్రముగ గైకొని −½తో విస్తరించినచో ప్రతి శీర్షము ఎదుటి భుజపు మధ్యబిందువుపై పడును! అదే విస్తరణమున ప్రతి ఉన్నతి రేఖయు, తనకు సమాంతరముగ, ఎదుటి భుజపు మధ్యబిందువు గుండా పోవు లంబరేఖ అగును. ఉన్నతులు కలియు చోటు లంబకేంద్రము. భుజముల లంబ సమద్విఖండన రేఖలు కలియు చోటు పరివృత్త కేంద్రము. కనుక లంబకేంద్రము పరివృత్త కేంద్రముపై పడును. అందుచేత సమబాహు త్రిభుజమున తప్ప (అందు మూడును ఒకటే బిందువు) ఈ మూడు బిందువులు ఒకే సరళరేఖపై ఉండును. లంబకేంద్రము నుండి గురుత్వ కేంద్రమునకు గల దూరము, అక్కడి నుండి పరివృత్త కేంద్రమునకు గల దూరమునకు రెట్టింపు. ఆయిలరు 1765లో కనుగొన్న ఈ ఫలితమునకు ఆయన పేరనే ఆయిలరు రేఖ అని పేరు వచ్చినది.

ఆదివారము మా అమ్మాయికి నా తప్పు ఒప్పుకొని ఇదంతయు గీచి చూపితిని. ఆమె కాసేపు చూచి, "అయితే నాన్నా, నీకు ఇది ముందే వచ్చు, పేరే తెలియదు" అన్నది. పాఠకులారా, మనము నేర్చిన రేఖాగణితము పాతబడలేదు, మన పిల్లల పుస్తకములలో వేరు పేర్లతో ఉన్నది. బూట్ల అట్టపెట్టెకు ఒక వైపున సూదితో రంధ్రము చేసి, ఎదుటి వైపును కోసి, నూనె రాసిన పలుచని కాగితమంటించుడు. గది దీపములార్పి, పెట్టె రంధ్రమును కిటికీ వైపు త్రిప్పి, కాగితమును వెనుక నుండి చూడుడు. కిటికీ తలక్రిందులై, కుడి ఎడమలు మారి కనిపించును. మైనస్ గుర్తు అప్పుడు పిల్లలకు కంటితో చూచినదగును.