పలుచని పొర - పదిలమైన విద్యుత్తు

వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కగానే 'టక్'మనే శబ్దంతో నిప్పురవ్వ ఎగురుతుంది. అందులో బ్యాటరీ ఉండదు. లోపలి చిన్న సుత్తి పింగాణీ వంటి ఒక ముక్కను బలంగా కొడుతుంది. ఆ దెబ్బకే వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. ఒత్తిడి విద్యుత్తుగా మారే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు స్ఫటికాలలో కనుగొన్నారు. దీనినే పీజో విద్యుత్తు అంటారు. ఇటువంటి పదార్థానికి విద్యుత్తును అందిస్తే అది సాగుతుంది, కుంచించుకుపోతుంది కూడా.

నేడు ఈ గుణం వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు పలుచని పొరలలో పనిచేస్తోంది. మొబైల్ ఫోన్‌లో అటువంటి పొర సెకనుకు వందల కోట్లసార్లు కంపిస్తూ, అవసరమైన సంకేతాన్ని మిగిలిన వాటి నుండి వేరుచేస్తుంది. కొన్ని ప్రింటర్లలో సిరాబొట్లను బయటికి నెట్టేది కూడా ఇదే.

ఇంత పలుచని పొర నుండి ఎక్కువ ఫలితం రాబట్టడమెలా? మొదటి మార్గం, పొరను తగిన చోట ఉంచడం. రబ్బరు ముక్కను వంచి చూడండి. వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుంటుంది, నడుమ ఒకచోట ఏ మార్పూ ఉండదు. ఆ నడిమి తలం పొర మధ్యగా పోతే, పొర రెండు సగాలలో పుట్టిన విద్యుదావేశాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. కాబట్టి ఆ తలం పొరకు వెలుపల ఉండేలా అడుగు పలక మందాన్ని నిర్ణయిస్తారు.

రెండవది, విద్యుత్తును సేకరించే లోహపు పూత. అంచులు బిగించిన గుండ్రని పలక వంగినప్పుడు, నడిమి భాగం ఒకవైపు వంగితే అంచు భాగం అందుకు వ్యతిరేకంగా వంగుతుంది. పూత మొత్తాన్నీ కప్పితే లాభానికి బదులు నష్టమే. అందుకే దానిని అంచుకు చేరకముందే ఆపివేస్తారు.

మూడవది పదార్థం. ఎంతో కాలంగా విరివిగా వాడుతున్న లెడ్ జిర్కొనేట్ టైటనేట్ చాలా శక్తిమంతమైనది. కాని దాని బరువులో సగానికి పైగా సీసమే. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. సీసం లేని అల్యూమినియం నైట్రైడ్ ఉన్నా, దాని శక్తి తక్కువ. 2009లో జపాన్ శాస్త్రవేత్తలు అందులోని అల్యూమినియంలో కొంత భాగానికి బదులు స్కాండియం చేర్చి, ఆ శక్తిని దాదాపు 5 రెట్లు చేయగలిగారు. స్కాండియం మరీ ఎక్కువైతే మాత్రం అణువుల అమరిక మారి, అసలు గుణమే పోతుంది.

అయినా ఈ పొర సీసపు పదార్థం అంత బలమైనది కాదు. ఆ లోటును పూరించేవి పైన చెప్పిన మొదటి రెండు మార్గాలే. పొర, పూత సరైన చోట ఉంటే బలహీనమైన పదార్థం కూడా చాలా పనులకు సరిపోతుంది. దూరాన్ని కొలిచే చిన్న అల్ట్రాసౌండ్ సెన్సర్లు ఇప్పటికే అల్యూమినియం నైట్రైడ్ పొరలతో తయారవుతున్నాయి.

లైటర్‌లోని ముక్క మాత్రం సాధారణంగా సీసం కలిసినదే. పాడైన లైటర్‌ను పగలగొట్టి పిల్లలకు ఆటవస్తువుగా ఇవ్వకండి.