పనివారు పెక్కండ్రు - తాళపుచెవి ఒక్కటి

కంప్యూటరులోని పరికరములన్నిటిని పాలించు మూల ప్రోగ్రామునకు కెర్నెల్ అని పేరు. అందు ఒకే సమయమున సాగు పనుల వరుసలను థ్రెడ్లు అందురు. రెండు థ్రెడ్లు ఒకే లెక్కను ఒక్కమారే తాకినచో చిక్కు వచ్చును. లెక్కలో 100 ఉన్నదనుకొందము. ఒక థ్రెడ్ 20, మరియొకటి 30 చేర్చవలెను. రెండును ముందుగా 100 అనియే చదువుకొన్నచో, ఒకటి 120 అనియు, వేరొకటి 130 అనియు వ్రాయును. తుదకు నిలుచునది వానిలో ఒకటియే, 150 కానేకాదు. కావుననే లెక్కకు తాళమువేసి, థ్రెడ్లను ఒకదాని వెనుక ఒకటిగా లోనికి విడుతురు.

ఈ తాళముల కథకు లినక్స్ కెర్నెల్ చక్కని ఉదాహరణము. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఫిన్లాండు దేశమున దీనిని ఆరంభించెను. నేటి ఆండ్రాయిడ్ టెలిఫోనులలో నడచునదియు ఇదియే. 1996లో వెలువడిన 2.0 కూర్పు పెక్కు ప్రాసెసర్లు గల యంత్రములపై నడువ నేర్చినది. కాని కెర్నెల్ అంతటికిని తాళము ఒక్కటే! ఇంట పది గదులున్నను తాళపుచెవి ఒక్కటియే అయినచో, పదిమంది పనివారిలో తొమ్మండుగురు గుమ్మమున నిలువవలసినదే గదా. ప్రాసెసర్లు పెంచినను తగినంత వేగము లభింపదయ్యెను.

అందుచే గది గదికి వేరు తాళము అమర్చుచు వచ్చిరి. పెద్ద తాళము పూర్తిగా తొలగుట 2011లో, అనగా పదునైదేండ్లకు జరిగినది. ఇంత జాగేల? తాళములు పెరిగినకొలది క్రొత్త ప్రమాదము కలుగును. ఒకడు మొదటి తాళమును పట్టుకొని రెండవదానికై, మరియొకడు రెండవదానిని పట్టుకొని మొదటిదానికై వేచియున్నచో, ఇరువురును ఎన్నటికిని కదలరు. తాళములను అందరును ఒకే వరుసలో తీసుకొనవలెనను నియమము ఇందులకే.

2002లో ఆర్.సి.యు. అను మరియొక పద్ధతి ఈ కెర్నెల్‌లో చేరినది. ఇందు చదువువారికి తాళముతో పనిలేదు. మార్చువాడు పాత పత్రమును ముట్టక, దానికి నకలు తీసి, నకలును దిద్ది, పాతదాని స్థానమున ఉంచును. అప్పటికే పాతదానిని చదువుచున్నవారు ముగించువరకు దానిని పారవేయడు. మార్చువారు మాత్రము తమలో తాము వంతులు పాటింపవలెను. చదువుట మెండై, మార్పులు అరుదైన చోట ఈ పద్ధతి మిక్కిలి లాభకరము.

వేగమునకై తాళమును ఊడబెరుకుట సులభము. లెక్క చెడకుండ, వేచియుండు కాలమును తగ్గించుట కష్టము. 150 రావలసిన చోట 130 వచ్చినచో, అది ఎంత త్వరగా వచ్చినను మనకేమి ప్రయోజనము?