ట్రాక్టరు ప్రమాదములు – న్యాయస్థానములో రైతునకు గల రక్షణ

మన వరంగల్లు ప్రాంతమున కాడెద్దుల స్థానమును ట్రాక్టరు ఆక్రమించి చాలకాలమైనది. దమ్ము చేయుట మొదలు ప్రత్తి బస్తాలను ఏనుమాముల మార్కెటునకు చేర్చుట వఱకు అదియే మనకు ఆధారము. కాని పొలములో పనిముట్టుగా నున్న యీ యంత్రము బాట యెక్కినంతనే మోటారు వాహనమగును. లారీ నడుపువానికి వర్తించు శాసనములే దానిని నడుపు రైతునకును, జీతగానికిని వర్తించును.

2018 వ సంవత్సరమున జరిగిన రెండు దుర్ఘటనలను మనము మఱువరాదు. ఏప్రిల్ 6 వ తేదీన నల్లగొండ జిల్లా వద్దిపట్ల వద్ద కూలీలతో పోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి తొమ్మండుగురు స్త్రీలు మరణించిరి. జూన్ 24 వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద మఱియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదునైదుగురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో అధికులు నాట్లకును, కోతలకును పోవు మన తల్లులవంటివారే. ట్రాలీ సరకుల బండియే గాని మనుష్యుల బండి కాదు.

నేరములు, శిక్షలు

1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1 వ తేదీ నుండి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. దాని 281 వ సెక్షను ప్రకారము బాటపై దుడుకుగా గాని, అజాగ్రత్తగా గాని బండి నడిపి పరుల ప్రాణమునకు అపాయము తెచ్చువానికి ఆరు నెలల వఱకు ఖైదు, లేదా 1,000 రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. అందువలన తీవ్రమైన గాయము కలిగినచో 125 వ సెక్షను క్రింద ఖైదు మూడేండ్ల వఱకు పోవును. ప్రాణమే పోయినచో 106 వ సెక్షను క్రింద అయిదేండ్ల వఱకు ఖైదును, జరిమానాయు గలవు. పూర్వము ఇది రెండేండ్లే. త్రాగి నడపినచో మోటారు వాహనముల చట్టము వేఱుగ శిక్షించును. పదునెనిమిది యేండ్లు నిండని కుమారుని చేతికి బండి నిచ్చి, వాడు నేరము చేసినయెడల, తండ్రికి గాని యజమానికి గాని మూడేండ్ల వఱకు ఖైదును, 25,000 రూపాయల జరిమానాయు పడవచ్చును.

ప్రమాదము జరిగినప్పుడు

పాఱిపోవుట యన్నిటికంటె చెడ్డ పని. గాయపడినవారిని వెంటనే వైద్యునికడకు చేర్చుటయు, ఇరువదినాలుగు గంటలలోపల పోలీసువారికి తెలుపుటయు, బీమా కంపెనీకి వ్రాయుటయు నడుపువాని విధులని చట్టము చెప్పుచున్నది. జనుల ఆగ్రహమునకు వెఱచి అచ్చట నిలువలేకపోయినచో నేరుగా ఠాణాకు పోవలెను.

281, 106(1), 125 సెక్షనుల నేరములు జామీను ఈయదగినవి. కావున జామీను అడుగుట మన హక్కు, ఒకరి దయ కాదు. అరెస్టు చేసినచో కారణమును తెలుపవలెను; బంధువులకు తెలియజేయవలెను; ఇరువదినాలుగు గంటలలో మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. వకీలుతో మాటలాడుకొను హక్కును రాజ్యాంగపు 22 వ అధికరణమే యిచ్చినది.

పనుల కాలములో ట్రాక్టరు ఠాణాలో నిలిచిపోవుట రైతునకు మఱియొక దెబ్బ. దానిని తాత్కాలికముగ ఇప్పించుమని మేజిస్ట్రేటునకు అర్జీ పెట్టుకొనవచ్చును. బండ్లను ఠాణాలలో చిరకాలముంచుట తగదని 2002 లోనే సుప్రీంకోర్టు చెప్పినది.

జరిమానా స్వల్పమని ఒప్పుకొనరాదు

"వేయి రూపాయలు కట్టిన తీఱిపోవును, కోర్టుచుట్టు తిరుగనేల?" అని నేరము నొప్పుకొనువారు పలువురు. ఇది గొప్ప పొరపాటు. ఒప్పుకోలు నేరస్థాపన యగును. దానివలన లైసెన్సు పోవచ్చును. నష్టపరిహారపు దావాలో అదియే మనకు ఎదురు సాక్ష్యమగును. బండి వేగముగా పోయినదను మాట మాత్రముచేత నేరము ఋజువు కాదని 1998 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బ్రేకు విఱిగెనా, బాట గుంతలు పడియుండెనా, ఎదుటి బండి దీపములు లేక వచ్చెనా అనునవి విచారింపబడవలెను. కావున వకీలునకు కాగితములు చూపక యే మాటయు ఒప్పుకొనకుడు. అట్లని అబద్ధమాడుమని నా భావము కాదు. నిజముగ తప్పు చేసినవాడును వకీలు సలహాతోనే ఒప్పుకొనుట మేలు.

ఊరి పెద్దమనుషుల రాజీని గూర్చి యొక మాట. మృతుని కుటుంబమునకు సాయము చేయుట ధర్మమే. కాని మరణము కలిగిన కేసు రాజీతో కొట్టివేయదగినది కాదు. డబ్బు ముట్టిన పిమ్మటను కోర్టు విచారణ నడచును.

వకీలునకు డబ్బు లేనిచో

1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకును, బాలలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని, వికలాంగులకును, నిర్బంధములో నున్నవారికిని, ప్రభుత్వము నిర్ణయించిన పరిమితికి లోబడిన ఆదాయము గలవారికిని ఉచితముగా వకీలు నిత్తురు. హనుమకొండలోని జిల్లా న్యాయస్థానముల ఆవరణకు పోయి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగుడు. లేదా 15100 కు టెలిఫోను చేయుడు. నేరము మోపబడినవానికే కాక, గాయపడిన కూలీకిని, మృతుని కుటుంబమునకును ఈ సాయము దొరకును. పరిహారపు దరఖాస్తునకు చట్టమున ఆరు నెలల గడువు వ్రాయబడియున్నది, ఆలస్యము తగదు.

భూమిని కాపాడునవి రెండు కాగితములు

అవి లైసెన్సును, బీమాయు. లైసెన్సు లేనివాడు నడపినచో, బీమా కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, ఆ సొమ్మును యజమానినుండి వసూలు చేసికొనునట్లు న్యాయస్థానములు ఆజ్ఞాపించుచున్నవి. బీమాయే లేనిచో మొత్తము భారము యజమానిదే. లక్షల డిక్రీ పడినప్పుడు తాతలనాటి చెలక అమ్ముడుపోవును. ట్రాలీలో కూలీల నెక్కించినచో బీమా ఉన్నను కంపెనీ చెల్లింప నిరాకరింపవచ్చును.

సోదరులారా, ఈ నెల సంఘపు సమావేశమునకు వచ్చునప్పుడు ప్రతి ట్రాక్టరు యజమానియు తన బీమా పత్రమును, నడుపువాని లైసెన్సును వెంట తెచ్చి గడువులు చూపించుకొనుడు. ట్రాలీకి వెనుక ఎఱ్ఱ దీపములు పెట్టించుడు. కూలీలను ఆటోలోనో, బస్సులోనో పంపుడు. ఆ చార్జీ మీకు ఎన్నడును నష్టము కాదు.