కోల్డ్ రూమ్ చల్లబడటం లేదా? గ్యాస్ కంటే ముందు నీరు చూడండి

ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో నీటితో పనిచేసే కండెన్సర్ ఉన్న కోల్డ్ రూమ్‌ను బోరు నీటితో నడిపే రైతులు ఈ విషయం గమనించాలి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువైతే కండెన్సర్ గొట్టాల్లో తెల్లటి పొర పేరుకుంటుంది. గదిలోని వేడి బయటికి పోదు. కరెంటు ఖర్చు పెరుగుతుంది, కూరగాయలు పాడవుతాయి.

లోపం గుర్తించే విధానం:

• కండెన్సర్‌లోకి వెళ్లే నీటికి, బయటికొచ్చే నీటికి తేడా సాధారణంగా 5 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. అది బాగా పెరిగితే నీటి ప్రవాహం తగ్గినట్టే. స్ట్రైనర్, వాల్వు, పంపు చూడండి.

• వచ్చే నీరు చల్లగానే ఉండి, తేడా మామూలుగా ఉన్నా హెడ్ ప్రెషర్ పెరిగితే గొట్టాల్లో పొర పట్టిందేమో చూడాలి.

• రెండు ప్రెషర్లూ తగ్గి, సైట్ గ్లాస్‌లో బుడగలు కనిపిస్తే గ్యాస్ తగ్గిందని అనుమానించాలి. లీకు మూయకుండా గ్యాస్ నింపించవద్దు.

నిర్వహణ:

• స్ట్రైనర్‌ను వారానికోసారి కడగండి.

• కూలింగ్ టవర్ తొట్టిలోని నీటిని కొంత వదిలేసి కొత్త నీరు పట్టండి.

• రోజూ ప్రెషర్, ఉష్ణోగ్రత పుస్తకంలో రాయండి.

• ప్రెషర్ ఎక్కువై యంత్రం ఆగితే పదే పదే రీసెట్ చేయవద్దు.

• పొర తీసే యాసిడ్ పనిని మెకానిక్‌కే అప్పగించండి.

వేసవికి ముందే బోరు నీటిని పరీక్ష చేయించండి. నీటి కాఠిన్యం ఎక్కువైతే సాఫ్ట్‌నర్ పెట్టించుకోవడం మేలు.