జీతం తగ్గినా, ఫీజు పెరిగినా.. కోర్టు ఆర్డర్ దానంతట అది మారదు

శ్రీనగర్ కాలనీలో కిరాయి ఇంట్లో ఉంటున్న ఒక తల్లి అనుకుందాం. ఐదేళ్ల కింద బాబు ఖర్చుకు నెలకు 8,000 ఇవ్వాలని ఫ్యామిలీ కోర్టు ఆర్డర్ వేసింది. అప్పుడు బాబు నర్సరీ, ఇప్పుడు మూడో తరగతి. కిరాయి పెరిగింది, ఫీజు పెరిగింది, ఆ 8,000 మాత్రం అక్కడే ఉంది. ఇంకో ఇంట్లో తండ్రికి గల్ఫ్‌లో ఉద్యోగం పోయింది. "పని లేదు కదా, ఎలా ఇస్తా" అని పైసలు పంపడం ఆపేశాడు.

ఇద్దరి కష్టమూ నిజమే. కానీ ఇద్దరూ కోర్టుకు చెప్పలేదు. చెప్పనంతవరకు పాత ఆర్డరే నడుస్తుంది.

మన ఇళ్లలో ఖర్చా అనేదాన్నే కోర్టు కాగితాల్లో మనోవర్తి, భరణం అని రాస్తారు. పరిస్థితులు మారితే దాన్ని పెంచమని, తగ్గించమని అడిగే హక్కు ఇద్దరికీ ఉంది. ఇదివరకు సీఆర్‌పీసీ సెక్షన్ 127 కింద అడిగేవాళ్లు. 2024 జులై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చాక అది సెక్షన్ 146 అయింది.

ఇక్కడ చాలామంది ఒక తేడా గమనించరు. ఆర్డరే తప్పు అనిపిస్తే హైకోర్టుకు వెళ్లాలి. ఆర్డర్ సరైనదే, తర్వాత జీవితం మారింది అంటే ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే పిటిషన్ వేయాలి. మన తెలంగాణ కేసే చూడండి. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 మధ్యంతర భరణం ఇవ్వమంటే, భర్త హైకోర్టుకు వెళ్లాడు. 2023 డిసెంబర్‌లో హైకోర్టు దాన్ని 10,000కు తగ్గించింది. తలాక్ అయిన ముస్లిం మహిళకు సీఆర్‌పీసీ సెక్షన్ 125 వర్తించదంటూ ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. వర్తిస్తుందని 2024 జులై 10న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కాబట్టి ఇద్దత్ అయిపోయింది కదా అని ఆర్డర్‌ను పక్కన పెట్టేస్తే కుదరదు.

పిటిషన్‌లో మాటలు చాలవు, కాగితాలు కావాలి. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఉద్యోగం పోయినట్టు కంపెనీ లెటర్, స్కూలు ఫీజు రసీదులు, ఆస్పత్రి బిల్లులు. 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో చెప్పాలి. కావాలని ఉద్యోగం మానేసి "నా దగ్గర లేవు" అంటే కోర్టు సులువుగా ఒప్పుకోదు.

ఆపేస్తే ఏమవుతుందో లెక్క వేయండి. నెలకు 8,000 చొప్పున పది నెలలు ఇవ్వకపోతే 80,000 బకాయి. వారెంట్ రావచ్చు, కట్టకపోతే జైలుకూ పంపొచ్చు. జైలుకెళ్లొచ్చినా బాకీ తీరదు. తీసుకునేవాళ్లకు కూడా ఒక గడువుంది. ఏ నెల బకాయి అయినా, ఇవ్వాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపు వసూలు పిటిషన్ వేయాలి. ఊరుకుంటే పాత నెలలు ఈ దారిలో చేయి జారిపోతాయి.

తలాక్ తర్వాత ఆమె మళ్లీ నికాహ్ చేసుకుంటే ఆ తేదీ నుంచి ఆమె భరణాన్ని కోర్టు రద్దు చేయొచ్చు. పిల్లల ఖర్చా మాత్రం దాంతో పోదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఎప్పుడు కలవాలి అన్న ఆర్డర్లు కూడా శాశ్వతం కావు. పిల్లల మేలు చూసి కోర్టు మార్చగలదు.

జమాత్ పెద్దల ముందు రాజీ కుదిరితే మంచిదే. కానీ ఆ మాటను ఇద్దరూ సంతకాలు పెట్టి కోర్టులో దాఖలు చేయాలి. నోటిమాటగా ఉంటే రేపు గొడవ వచ్చినప్పుడు పాత ఆర్డరే బయటకు వస్తుంది.

వకీలుకు పైసలు లేవని ఆగొద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. ఫోన్ చేసే ముందు పాత ఆర్డర్ కాపీ దగ్గర పెట్టుకోండి. అందులోని కేసు నంబరు అడగొచ్చు.